మీ సైట్ స్లో కావడానికి కారణం మీరు రాయని కోడ్: బయటి స్క్రిప్టుల లెక్క

కమ్మర్‌పల్లి నుంచి మాట్లాడుతున్నా. పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. "అన్నా, సైట్ చేసిన. ఫోటోలు కంప్రెస్ చేసిన. మంచి హోస్టింగ్ తీసుకున్న. అయినా ఫోన్‌లో ఓపెన్ కావడానికి ఇంత టైమ్ ఎందుకు పడుతుంది?" ఈరోజు దానికి జవాబు చూద్దాం.

మీ సైట్‌లో మీరు రాసిన కోడ్ కంటే మీరు రాయని కోడే ఎక్కువ ఉండొచ్చు. ఎవరెవరు వచ్చారో చూడటానికి అనలిటిక్స్ పెడతాం. యాడ్స్ కోసం ఒక ముక్క, ఫేస్‌బుక్ పిక్సెల్ ఒక ముక్క, కింద మూలన చాట్ బొమ్మ, మ్యాప్, యూట్యూబ్ వీడియో, నోటిఫికేషన్ అడిగే పాపప్. ఒక్కొక్కటీ రెండు లైన్ల కోడే. "ఇది కాపీ చేసి మీ పేజీలో పేస్ట్ చేయండి" అంటారు, చేస్తాం. ఆ రెండు లైన్లు వేరే కంపెనీ సర్వర్ నుంచి వందల కేబీల కోడ్ తెచ్చి మీ పేజీలో నడిపిస్తాయి. వీటినే థర్డ్ పార్టీ స్క్రిప్టులు అంటారు. ఈ ఎపిసోడ్‌లో సింపుల్‌గా "బయటి స్క్రిప్టులు" అని పిలుద్దాం. ప్రపంచంలో 90 శాతానికి పైగా వెబ్‌సైట్లలో ఇలాంటిది కనీసం ఒకటైనా ఉంటుంది.

ఇవి చెడ్డవని నేను చెప్పట్లేదు. కొన్ని అవసరమే. కానీ వాటి ఖర్చు పెట్టేది మీరు కాదు, మీ పేజీ చూసేవాళ్లు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, వాళ్ల డేటా, వాళ్ల బ్యాటరీ, వాళ్ల టైమ్ మనం పంచి పెడుతుంటాం.

ఎవరికి ఏం పోతుంది?

మన దగ్గర సంగతే తీసుకోండి. జనవరి దాటితే పసుపు తవ్వకం మొదలు. ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టి నిజామాబాద్ యార్డుకి తీసుకెళ్లాలి. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ మొదలైనప్పుడు దేశం మొత్తంలో మొదటి 21 మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. అంటే ధరలు ఆన్‌లైన్‌లో చూసుకోవడం ఇక్కడి రైతుకి కొత్త కాదు.

రైతుకి లేదా ఆయన కొడుక్కి కావాల్సింది ఏంటి? కొమ్ము ఎంత, మండ ఎంత, ఈరోజు ఎంత సరుకు వచ్చింది. పది లైన్ల టెక్స్ట్. కొన్ని కేబీల పని. అదే ధర చూపించే ప్రైవేట్ పేజీ ఏదైనా తెరిస్తే ముందు నోటిఫికేషన్ పాపప్, తర్వాత యాడ్, దాని కింద తనంతట తాను ఆడే వీడియో, ఆ తర్వాత ఎక్కడో ధర. చవక ఫోన్, వీక్ సిగ్నల్ అయితే ఆ ధర వచ్చేదాకా ఓపిక ఉండదు. అప్పుడు ఏం చేస్తాడు? ఎవరికో ఫోన్ చేసి, అవతలి మనిషి చెప్పిన రేటే నమ్ముతాడు. సరుకు ఈరోజు ఎత్తాలా, నాలుగు రోజులు ఆగాలా అనేది ఆ ఒక్క అంకె మీద ఉంటుంది. పేజీ స్పీడ్ అంటే ఇంజినీర్ల స్కోరు మాత్రమే అనుకోవద్దని చెప్పడానికి ఈ ఉదాహరణ.

మీలో చాలామందికి ఇంకో అనుభవం ఉండే ఉంటుంది: ఇంటర్ రిజల్ట్స్ రోజు. హాల్‌టికెట్ నంబర్ కొట్టి బటన్ నొక్కబోతుంటే పైన యాడ్ వచ్చి పడుతుంది. బటన్ కిందికి జారుతుంది. మీ వేలు యాడ్ మీద పడుతుంది. ఇది కూడా బయటి స్క్రిప్ట్ పనే.

ఫోన్ లోపల ఏం జరుగుతుంది?

మూడు విషయాలు జరుగుతాయి.

ఒకటి, కనెక్షన్. ప్రతి కొత్త డొమైన్‌కి బ్రౌజర్ ముందు అడ్రస్ వెతకాలి, తర్వాత కనెక్షన్ కలపాలి, ఆ తర్వాత ఎన్‌క్రిప్షన్ కోసం తాళాలు మార్చుకోవాలి. మీ సిగ్నల్‌లో ఒక్కసారి వెళ్లి రావడానికి 100 మిల్లీసెకన్లు అనుకుందాం. మూడు సార్లకి 300. ఇంకా ఫైల్ అడగనే లేదు. వేర్వేరు స్క్రిప్టులు పక్కపక్కనే రావొచ్చు, అది నిజమే. కానీ ఒక స్క్రిప్ట్ వచ్చాక అది ఇంకొకదాన్ని పిలిస్తే, అది మరొకదాన్ని పిలిస్తే, ఈ ఆలస్యం అంతా కూడుతూ పోతుంది. యాడ్ స్క్రిప్టులు సరిగ్గా ఇదే చేస్తాయి. మీరు పిలిచింది ఒక్కరినే, వాళ్లు వెంటబెట్టుకొచ్చేది పదిమందిని.

రెండు, వరుస. మామూలు స్క్రిప్ట్ ట్యాగ్ కనపడగానే బ్రౌజర్ పేజీ చదవడం ఆపేస్తుంది. ఆ ఫైల్ వచ్చి, నడిచి, అయిపోయాకే ముందుకు పోతుంది. పేజీ పైభాగంలో అలాంటి ట్యాగ్ ఉండి, ఆ కంపెనీ సర్వర్ ఆరోజు పడిపోయిందనుకోండి. మీ సర్వర్ బ్రహ్మాండంగా పనిచేస్తున్నా చూసేవాళ్లకి తెల్ల పేజీ మాత్రమే కనిపిస్తుంది, అదీ కొన్ని పదుల సెకన్ల పాటు.

మూడు, ప్రాసెసర్. ఇది చాలామంది పట్టించుకోరు. మీ పేజీలో టచ్‌లకి జవాబు ఇచ్చేది, స్క్రిప్టులు నడిపేది ఒకే వరుస. దాన్ని మెయిన్ థ్రెడ్ అంటారు. ఒక పని 50 మిల్లీసెకన్లు దాటితే దాన్ని లాంగ్ టాస్క్ కింద లెక్కేస్తారు. ఆ పని అయ్యేదాకా మీరు ఎన్నిసార్లు నొక్కినా పేజీ ఉలకదు, పలకదు. "రోజుకి 1.5 జీబీ ప్యాక్ ఉంది, డేటాకి ఏం కొదవ?" అంటారు. డేటా ప్యాక్ పెద్దది తీసుకోవచ్చు. ఫోన్ ప్రాసెసర్‌కి రీఛార్జ్ ఉండదు కదా.

సైట్ తయారుచేసేవాళ్లకి ఇది కనపడకపోవడానికి కారణం వాళ్ల దగ్గరున్న ల్యాప్‌టాప్. ఆఫీస్ వైఫై, 16 జీబీ ర్యామ్‌తో పేజీ చూసి "మా దగ్గర ఫాస్ట్‌గానే ఉంది" అంటారు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేటప్పుడు ఒక క్లయింట్ సైట్‌లో ఉన్న బయటి స్క్రిప్టుల లిస్ట్ తీశాం. వాటిలో కొన్ని ఎవరు పెట్టమన్నారో టీమ్‌లో ఒక్కరికీ గుర్తులేదు. పెట్టినవాళ్లు ఉద్యోగం మారిపోయారు. స్క్రిప్ట్ మాత్రం రోజూ డ్యూటీ చేస్తూనే ఉంది.

"క్యాష్‌లో ఉంటుంది కదా అన్నా" అనేవాళ్లకి

"ఈ లైబ్రరీ అన్ని సైట్లలో ఉంటుంది, కాబట్టి చూసేవాళ్ల ఫోన్‌లో ముందే సేవ్ అయి ఉంటుంది" అనే మాట కాలేజీలో మాకూ చెప్పారు. ఇప్పుడది చెల్లదు. 2020 అక్టోబర్‌లో వచ్చిన క్రోమ్ 86 నుంచి ఒక సైట్‌లో దాచిన ఫైల్‌ని ఇంకో సైట్ వాడుకోలేదు. ప్రైవసీ కోసం ప్రతి సైట్‌కి వేరే అర పెట్టారు. సఫారీ అంతకు చాలా ముందే చేసింది, ఫైర్‌ఫాక్స్ 2021లో చేసింది. కాబట్టి ఫాంట్లు, చిన్న లైబ్రరీల లాంటివి బయటి డొమైన్ నుంచి తెచ్చే బదులు మీ సర్వర్‌లోనే పెట్టుకోవడం మేలు. ఒక కనెక్షన్ మిగులుతుంది.

తీసేస్తే ఎంత తేడా వస్తుంది?

దీనికి మంచి ఉదాహరణ 2018 మే 25 నాటిది. యూరప్‌లో జీడీపీఆర్ అనే ప్రైవసీ చట్టం ఆరోజు నుంచి అమలైంది. అమెరికాలో పెద్ద పత్రిక యూఎస్ఏ టుడే యూరప్ వాళ్ల కోసం ట్రాకింగ్, యాడ్ స్క్రిప్టులు తీసేసిన వేరే పేజీ పెట్టింది. ఒక డెవలపర్ రెండింటినీ కొలిచి అంకెలు బయటపెట్టాడు. మామూలు పేజీ 5.2 ఎంబీ, యూరప్ పేజీ 500 కేబీ. లోడ్ టైమ్ 45 సెకన్ల నుంచి 3 సెకన్లకి దిగింది. జావాస్క్రిప్ట్ ఫైళ్లు 124 నుంచి సున్నాకి వచ్చాయి. పత్రిక అదే, వార్తలు అవే. మధ్యలో ఉన్న బరువంతా వార్త చదవడానికి అవసరం లేనిదే.

స్లో కావడం ఒక్కటే సమస్య కాదు

బయటి స్క్రిప్ట్ మీ పేజీలో కూర్చుంటే దానికి మీ కోడ్‌కి ఉన్న అధికారాలన్నీ ఉంటాయి. ఫారంలో టైప్ చేసేది చదవగలదు, పేజీ మార్చగలదు, వేరే చోటికి పంపగలదు. ఇది ఊహ కాదు.

2018 సెప్టెంబర్‌లో గువాహటికి చెందిన సెక్యూరిటీ పరిశోధకులు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సైట్లలో ఒక విషయం బయటపెట్టారు. మున్సిపల్ అడ్మినిస్ట్రేషన్ డైరెక్టర్ సైట్, తిరుపతి మున్సిపల్ కార్పొరేషన్, మాచర్ల మున్సిపాలిటీ సైట్లలో కాయిన్‌హైవ్ అనే స్క్రిప్ట్ ఉంది. అది చూసేవాళ్ల ప్రాసెసర్ వాడుకుని మొనెరో అనే క్రిప్టో కరెన్సీ తవ్వుతుంది. ఇంటి పన్నో, నీటి బిల్లో చూసుకుందామని పేజీ తెరిచిన మనిషి, తనకి తెలియకుండానే ఎవరికో డబ్బు సంపాదించి పెట్టే పరిస్థితి. అలాంటి పేజీ తెరిచి ఉన్నంతసేపు ఫోన్ వేడెక్కుతుంది, బ్యాటరీ దిగుతుంది, చూసేవాళ్లు ఫోన్ పాతబడిందేమో అనుకుంటారు. ఆ కాయిన్‌హైవ్ సర్వీస్ 2019 మార్చిలో మూతపడింది.

అదే 2018 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఇంకోటి జరిగింది. చూపు తక్కువున్నవాళ్లకి పేజీ చదివి వినిపించే బ్రౌజ్‌అలౌడ్ అనే సర్వీస్ స్క్రిప్ట్‌ని ఎవరో మార్చేసి, అదే కాయిన్‌హైవ్‌ని కలిపారు. ఒక్క ఫైల్ మారితే 4,000కు పైగా సైట్లలో తవ్వకం మొదలైంది. వాటిలో బ్రిటన్ ప్రభుత్వ డేటా రక్షణ సంస్థ సైట్ కూడా ఉంది. ఆ సైట్ల వాళ్లు తమ కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

ఇక 2024లో పాలీఫిల్ సంగతి. పాత బ్రౌజర్లకి కొత్త ఫీచర్లు అందించే ఉచిత సర్వీస్ అది. ఆ డొమైన్ 2024 ఫిబ్రవరిలో వేరే కంపెనీ చేతికి వెళ్లింది. జూన్‌లో ఆ స్క్రిప్ట్ మొబైల్‌లో చూసేవాళ్లని ఏరి బెట్టింగ్ సైట్‌కి మళ్లిస్తోందని తేలింది. అప్పట్లో లక్షకు పైగా సైట్లు దాన్ని వాడుతుండేవి. డెస్క్‌టాప్‌లో చెక్ చేసుకునే డెవలపర్‌కి ఏ తేడా కనపడదు. ఫోన్‌లో చూసేవాళ్లకే దెబ్బ. ఇందులో బాధ ఏంటంటే, చాలా సైట్లకి ఆ సర్వీస్ అవసరం ఎప్పుడో తీరిపోయింది. తీసేయడం ఎవరికీ గుర్తులేదు, అంతే.

ముందు కొలవండి

ల్యాప్‌టాప్ లేకపోయినా కొలవొచ్చు. ఫోన్ బ్రౌజర్‌లో గూగుల్ వాళ్ల పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ తెరిచి మీ సైట్ అడ్రస్ పెట్టండి. మొబైల్ ట్యాబ్ చూడండి. మూడు అంకెలు గుర్తుపెట్టుకుంటే చాలు. పేజీలో ముఖ్యమైన పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి. నొక్కినప్పుడు 200 మిల్లీసెకన్లలోపు స్పందన రావాలి. పేజీ కుదుపు స్కోరు 0.1 దాటకూడదు. రిజల్ట్స్ రోజు బటన్ జారిపోయిందని చెప్పాను కదా, ఆ కుదుపుని కొలిచేదే ఈ మూడో అంకె. అదే రిపోర్ట్‌లో కిందికి వెళ్తే థర్డ్ పార్టీల లిస్ట్ ఉంటుంది: ఎవరు ఎన్ని కేబీలు తెచ్చారు, మెయిన్ థ్రెడ్‌ని ఎంతసేపు పట్టుకున్నారు అని.

ల్యాప్‌టాప్ ఉంటే ఇంకా బాగా తెలుస్తుంది. క్రోమ్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి, నెట్‌వర్క్ స్పీడ్ స్లో 4జీకి, ప్రాసెసర్ నాలుగింతలు నెమ్మదికి తగ్గించండి. తర్వాత నెట్‌వర్క్ లిస్ట్‌లో ఒక బయటి డొమైన్ మీద రైట్ క్లిక్ చేసి బ్లాక్ చేయండి. రీలోడ్ చేయండి. దాని ఖర్చు ఎంతో మీకే కనిపిస్తుంది. ఒక్కసారి కొలిచి వదిలేయకండి, ప్రతిదీ మూడు సార్లు కొలిచి మధ్య అంకె తీసుకోండి. బ్లాక్ చేశాక పేజీ ఏమీ చూపించకుండా ఆగిపోయిందంటే, ఆ కంపెనీ సర్వర్ పడిపోయిన రోజు మీ సైట్ కూడా పడిపోయినట్టే.

ఇప్పుడు సర్దుదాం

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. 2025 జనవరి 14న నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైంది. మన పిల్లలు కొందరు సొంత సైట్ పెట్టి పసుపు పొడి అమ్ముదామని చూస్తున్నారు. అలాంటి చిన్న సైట్ ఒకటి అనుకుందాం. అందులో రెండు అనలిటిక్స్, ఒక పిక్సెల్, చాట్ బొమ్మ, పసుపు ఉడకబెట్టే యూట్యూబ్ వీడియో, షాప్ మ్యాప్, బయటి ఫాంట్, ఇన్‌స్టాగ్రామ్ పోస్టుల పెట్టె, పేమెంట్ స్క్రిప్ట్ ఉన్నాయి.

మొదట ఒక షీట్ తెరిచి ప్రతిదానికీ నాలుగు గడులు రాయండి. ఇది ఏం పని చేస్తుంది? ఎవరు అడిగారు? పోయిన నెలలో దాన్ని ఎవరైనా చూశారా? ఎప్పుడు మళ్లీ చెక్ చేయాలి? రెండు అనలిటిక్స్‌లో ఒకటి వెంటనే పోతుంది. యాడ్ క్యాంపెయిన్ ఆపేసి ఆరు నెలలైతే పిక్సెల్ కూడా పోతుంది. ఏ టెక్నిక్ వాడినా తీసేసినంత ఫలితం రాదు.

చాట్ బొమ్మ బదులు వాట్సాప్ లింక్ పెట్టండి. మన కస్టమర్లు ఎట్లాగూ వాట్సాప్‌లోనే అడుగుతారు. లింక్‌కి స్క్రిప్ట్ అక్కర్లేదు.

యూట్యూబ్ వీడియో నేరుగా అతికిస్తే ఎవరూ ప్లే చేయకపోయినా ప్లేయర్ కోడ్ అంతా దిగుతుంది. దాని బదులు థంబ్‌నెయిల్ ఫోటో, మీద ప్లే గుర్తు పెట్టండి. నొక్కినప్పుడే అసలు ప్లేయర్ రావాలి. దీనికి రెడీమేడ్ ఓపెన్ సోర్స్ కోడ్ ఉంది, లైట్ యూట్యూబ్ ఎంబెడ్ అని వెతకండి. మ్యాప్‌కీ అంతే: ఒక ఫోటో, దాని మీద మ్యాప్స్ లింక్. ఇన్‌స్టాగ్రామ్ పెట్టె బదులు నాలుగు ఫోటోలు, ఒక లింక్ చాలు. ఫాంట్ మీ సర్వర్‌లోకి తెచ్చుకోండి. తెలుగు ఫాంట్లు బరువుగా ఉంటాయి, కాబట్టి ఒకటి, మహా అయితే రెండు మందాలతో సరిపెట్టండి.

పేమెంట్ స్క్రిప్ట్ తీయలేం. కానీ అది చెక్అవుట్ పేజీలో ఉంటే చాలు, హోమ్ పేజీలో దానికి పనేం లేదు.

మిగిలిన అనలిటిక్స్‌కి అసింక్ లేదా డిఫర్ పెట్టండి. తేడా ఏంటంటే, అసింక్ పెడితే ఫైల్ పక్కన దిగుతూ ఉంటుంది, దిగగానే నడుస్తుంది. డిఫర్ పెడితే పేజీ మొత్తం చదివాక, వరుసలో నడుస్తుంది. ఒక్క మాట గుర్తుంచుకోండి: ఈ రెండూ ఆ స్క్రిప్ట్ ఎప్పుడు నడవాలో మారుస్తాయి గానీ బరువు తగ్గించవు. పది స్క్రిప్టులకి డిఫర్ పెట్టి "ఆప్టిమైజ్ చేశా" అంటే, ఆ పది స్క్రిప్టుల పని ఫోన్ మీద అట్లాగే పడుతుంది, కొంచెం ఆలస్యంగా.

ట్యాగ్ మేనేజర్ వాడేవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. అది కోడ్ ముట్టుకోకుండా కొత్త స్క్రిప్టులు పెట్టే తలుపు. దాని తాళం ఎంతమంది దగ్గర ఉందో చూసుకోండి. పబ్లిష్ చేసే అధికారం ఒకరిద్దరికే ఉండాలి.

భద్రతకి రెండు పనులు. మారని వెర్షన్ ఉన్న బయటి ఫైల్ అయితే ఇంటెగ్రిటీ అనే గుర్తు జోడించండి. ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా బ్రౌజర్ దాన్ని నడపదు. బ్రౌజ్‌అలౌడ్ వాడిన సైట్లలో ఇది ఉంటే ఆ మార్చిన ఫైల్ నడిచేదే కాదు. పాలీఫిల్ లాంటివి ఒక్కో బ్రౌజర్‌కి ఒక్కోలా ఫైల్ పంపుతాయి, వాటికి ఇది కుదరదు. కాబట్టి అలాంటివి మీ సర్వర్‌లో పెట్టుకోండి, లేదా వదిలేయండి. రెండోది కంటెంట్ సెక్యూరిటీ పాలసీ: ఏ డొమైన్ల నుంచి స్క్రిప్టులు రావొచ్చో మీరే లిస్ట్ ఇస్తారు. లిస్ట్‌లో లేనిది గడప దాటదు.

యాడ్స్ మీద బతికేవాళ్ల సంగతి?

కామెంట్లలో ఇది తప్పకుండా వస్తుంది. మండలం వార్తలు రాసే చిన్న పోర్టల్ నడిపే అన్నలు ఉన్నారు. వాళ్లకి యాడ్స్ తీసేయమని చెప్పడం న్యాయం కాదు. అది వాళ్ల అన్నం. కానీ యాడ్ ఉండటం వేరు, అడ్డం పడటం వేరు. యాడ్ వచ్చే చోటుకి ముందే ఎత్తు కేటాయించండి, అప్పుడు పేజీ కుదపదు. పేజీ మొదట్లో వార్త రానివ్వండి, కింది యాడ్లు స్క్రోల్ చేసినప్పుడు లోడ్ చేయండి. ఒకే పేజీలో మూడు యాడ్ నెట్‌వర్కులు పెట్టుకున్నవాళ్లు ఒక్కోదాన్ని వారం ఆపి, ఆదాయం, పేజీలో ఉండే టైమ్ రెండూ పోల్చి చూడండి. రూపాయి తేని నెట్‌వర్క్‌ని మోయడం ఎందుకు? పేజీ తెరుచుకోకముందే వెనక్కి పోయినవాళ్లు మీ యాడ్ కూడా చూడరు.

సైట్ చేయని వాళ్లకి

మీరు చూసేవాళ్లు మాత్రమే అయితే, రిజల్ట్స్, ధరలు, పన్నులు లాంటి వాటికి ముందు అధికారిక సైటే తెరవండి. నోటిఫికేషన్లకి అనుమతి అడిగితే అలవాటుగా అలౌ నొక్కకండి. ఒక పేజీ తెరిచినప్పుడల్లా ఫోన్ వేడెక్కుతుంటే తప్పు మీ ఫోన్‌ది కాకపోవచ్చు, ఆ ట్యాబ్ మూసి చూడండి. మీరు నొక్కకుండానే బెట్టింగ్ పేజీకి పోతే స్క్రీన్‌షాట్ తీసి ఆ సైట్ వాళ్లకి పంపండి. చాలాసార్లు వాళ్లకే తెలిసి ఉండదు.

సైట్ ఉన్నవాళ్లకి ఈ వారం పని ఒక్కటే. పేజ్‌స్పీడ్‌లో మీ బయటి స్క్రిప్టుల లిస్ట్ తీయండి, నేను చెప్పిన నాలుగు గడుల షీట్ నింపండి, అందులో ఒక్కటి తీసేయండి. తీసేముందు అంకె, తీసేశాక అంకె రెండూ కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో వాటిలో మూడు సైట్లు తీసుకుని, ఓనర్ల పర్మిషన్‌తో, లైవ్‌లో సర్దుదాం. ఈ ఎపిసోడ్ పనికొస్తుంది అనిపిస్తే, సైట్ నడిపే మీ దోస్త్ ఒకరికి పంపండి.